బావా, ఇక కొత్త ఐవీఎఫ్ సైకిల్ వద్దనుకున్నాం

హైదరాబాద్,
శనివారం రాత్రి

బావా,

మొన్న మీ మేనకోడలి పెళ్ళిలో, భోజనాల దగ్గర, "ఏం ఆలోచించారు రా?" అని అడిగావు. పక్కన అంతమంది ఉండగా ఏం చెప్పను? "చూస్తున్నాం" అని ఊరుకున్నాను. ఫోన్లో చెబుదామంటే మధ్యలో గొంతు పట్టేస్తుంది, నువ్వు కంగారుపడతావు. అందుకే కూర్చుని రాస్తున్నాను. పొడుగైనా ఓపిగ్గా చదువు. చెల్లెమ్మకి కూడా చూపించు, తన దగ్గర దాచేదేం లేదు.

ముందు అసలు సంగతి చెప్పేస్తాను. ఇక కొత్తగా ఐవీఎఫ్ సైకిల్ మొదలుపెట్టం. మళ్ళీ ఆ ఇంజక్షన్లు, మళ్ళీ మత్తిచ్చి ఎగ్స్ తీయడం వద్దని మీ చెల్లెలూ నేనూ కలిసే అనుకున్నాం. ఫ్రీజ్ చేసిన ఎంబ్రియో, అంటే ల్యాబ్‌లో తయారైన పిండం, ఒకటి మిగిలి ఉంది. దాన్ని వదులుకోం, కానీ ఇప్పుడే కాదు. ఈ ఏడాది ఆసుపత్రి గడప తొక్కం. వచ్చే వేసవి దాటాక, తను ఎప్పుడు సరే అంటే అప్పుడు ఆ ఒక్కటీ పెట్టించుకుంటాం. నిలబడితే మా అదృష్టం. నిలబడకపోతే అక్కడితో ఆపేస్తాం.

"ఇంత దూరం వచ్చి ఆపడమేంట్రా?" అంటావని తెలుసు. చాలామంది అదే అంటారు. కానీ ఆ దూరమంతా ఎలా నడిచామో దగ్గరుండి చూసింది నేనొక్కణ్ణే కాబట్టి కాస్త చెప్పనీ.

పది పన్నెండు రోజులు రోజూ ఒకే టైముకి పొట్టమీద ఇంజక్షన్. ఫ్రిజ్ తలుపు అరలో ఆ ఇంజక్షన్ పెన్నుల డబ్బా. మధ్యమధ్య స్కానింగులు, రక్తపరీక్షలు. ఎగ్స్ సైజుకొచ్చాక ట్రిగ్గర్ ఇంజక్షన్, అది పడ్డ 34 నుంచి 36 గంటల్లోపు పికప్, అంటే ఎగ్స్ తీయడం, జరగాలి. కాబట్టి అర్ధరాత్రి టైమిస్తే అర్ధరాత్రే అలారం పెట్టుకుని లేవాలి. ఆ తర్వాత ల్యాబ్ నుంచి ఫోను కోసం ఎదురుచూపు. ఎన్ని వచ్చాయి, ఎన్ని ఫలించాయి, అయిదో రోజుదాకా ఎన్ని నిలిచాయి. మాకు మొదటి లెక్కే ఎప్పుడూ తక్కువ. చివరికి ఒకటో రెండో మిగిలేవి.

ఎంబ్రియో పెట్టాక, అది నిలవడానికి ప్రొజెస్టిరాన్ హార్మోన్ ఇంజక్షన్. అది నూనెలో ఉంటుంది బావా, చిక్కగా. ఆ చిన్న గాజు సీసాని అరచేతుల మధ్య కాసేపు రుద్ది వెచ్చబెట్టి, లావు సూదితో పిరుదుకి మెల్లగా ఎక్కించాలి. తొందరపడితే గడ్డ కడుతుంది, పడకపోయినా కడుతుంది. మా వీధిలో ఉండే నర్సమ్మ నేర్పితే నేనే ఇచ్చేవాణ్ణి. ఒకవైపు గడ్డలు తగ్గకముందే రెండోవైపు వంతు వచ్చేది. కొన్నాళ్ళకి సూది గుచ్చడానికి చోటు వెతకాల్సి వచ్చింది. వేలితో తడిమి "ఇక్కడ పర్లేదా?" అంటే, "ఎక్కడైనా ఒకటే, కానిచ్చెయ్" అనేది గోడవైపు చూస్తూ. పొద్దున్నే లేచి మామూలుగా బ్యాంకుకి వెళ్ళి కౌంటర్లో కూర్చునేది. అక్కడ ఎవరికీ చెప్పలేదు. చెబితే ఇక రోజూ అడుగుతారని.

రెండు వారాలకి బీటా టెస్టు, గర్భం నిలిచిందో లేదో చెప్పే రక్తపరీక్ష. 5 లోపు ఉంటే లేనట్టే. మాకు దాదాపు ప్రతిసారీ అంతే. ఒక్కసారి మాత్రం యాభై దాటింది. రెండు రోజులకి అది సుమారుగా రెట్టింపు కావాలన్నారు. ఆ రెండు రోజులూ తనని నేను బండి ఎక్కనివ్వలేదు. ఆటోవాడికి కూడా గతుకుల దగ్గర మెల్లగా పొమ్మని చెప్పాను. రెండోసారి చూస్తే తగ్గింది. డాక్టర్లు దాన్ని బయోకెమికల్ ప్రెగ్నెన్సీ అంటారు. కడుపు నిలిచినట్టూ కాదు, పోయినట్టూ కాదు, ఎవరికీ చెప్పుకోవడానికి లేదు. మీ చెల్లెలు ఆ వారం వంటింట్లో రేడియో పెట్టలేదు. అన్నిటికన్నా నన్ను అదే ఎక్కువ బాధపెట్టింది.

అయినా "ఇంకోసారి" అంటే సరేనన్నాం. నేను లెక్కల మనిషినని నీకు తెలుసు కదా, వెతికి వెతికి చదివాను. 2015లో అచ్చైన బ్రిటన్ అధ్యయనం ఒకటుంది, 1,56,947 మంది ఆడవాళ్ళ వివరాలతో చేసింది. 40 ఏళ్ళలోపు వాళ్ళలో, సొంత ఎగ్స్‌తో, మొదటి సైకిల్‌కి బిడ్డ పుట్టినవాళ్ళు 32.3 శాతం. నాలుగో సైకిల్ దాకా కూడా ఒక్కోసారికి అవకాశం 20 శాతం పైనే. ఆరు సైకిళ్ళు కలిపితే 68.4 శాతం. అది చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మూడింట రెండొంతుల మందికి అవుతుంటే మనమెందుకు ఆగాలి అనిపించింది. పొద్దున్నే కాఫీ దగ్గర మీ చెల్లెలికి చూపించాను. అంతా విని, "ఆ ఆరు సైకిళ్ళూ ఒకళ్ళ ఒంటిమీదే కదండీ జరగాలి" అంది. కోపంగా కూడా కాదు, మామూలుగా. నా దగ్గర జవాబు లేదు. అదే అధ్యయనంలో 40 నుంచి 42 మధ్య వాళ్ళకి మొదటి సైకిల్‌కి 12.3 శాతమే అని కూడా ఉంది. తనకి 39 నిండింది. ఎగ్స్ ఎన్ని మిగిలాయో అంచనా వేసే రక్తపరీక్ష, ఏఎంహెచ్, ఒకటి లోపే. ఎగ్స్ బాగా వచ్చేవాళ్ళతో కలిపి కట్టిన సగటు మాకెలా వర్తిస్తుంది?

తర్వాత వేరే ఊళ్ళో ఒక పెద్ద డాక్టరమ్మకి ఫైలంతా చూపించాం. ఆవిడ గంటసేపు ప్రతి కాగితమూ చదివింది. ఇన్నేళ్ళలో అంతసేపు మా ఫైలు చదివిన డాక్టరు ఆవిడొక్కతే. చదివి, మేము రెండు వేర్వేరు నిర్ణయాల్ని కలిపేసుకుని తలనొప్పి తెచ్చుకుంటున్నామంది. ఫ్రీజర్‌లో ఉన్న ఎంబ్రియో తనకి 36 ఉన్నప్పటిది. దానికి వయసు పెరగదు, ఆరు నెలలు ఆగినా ఏడాది ఆగినా దానికి నష్టం లేదు. గర్భసంచి కూడా ఎగ్స్ అంత త్వరగా ముసలిదైపోదు. కొత్తగా ఎగ్స్ తీయాలనుకుంటే మాత్రం ప్రతి ఆరు నెలలూ లెక్కలోకొస్తాయి, ఎందుకంటే వయసుతో వాటిలో క్రోమోజోముల తప్పులు పెరుగుతాయి, ఎంబ్రియోలు నిలవకపోవడానికి ఎక్కువగా అదే కారణం. "కాబట్టి కొత్త సైకిల్ చేస్తారా లేదా అన్నది ఇప్పుడు తేల్చుకోండి. ఉన్నదాన్ని ఎప్పుడు పెట్టించుకోవాలన్నది తీరిగ్గా ఆలోచించండి" అంది. బావా, ఆ మాటతో మా బుర్రలో ముడి విడిపోయింది. అన్నాళ్ళూ మాకు కనిపించినవి రెండే దార్లు, వెంటనే అంతా మళ్ళీ మొదలుపెట్టడం, లేదా అంతా వదిలేయడం. మధ్యలో ఊపిరి పీల్చుకునే దారి ఒకటుందని ఎవరూ చెప్పలేదు. అలాగని దాన్ని ఎప్పటికీ దాచుకోలేం. ఇలాంటి చికిత్సల మీద వచ్చిన 2021 చట్టం ప్రకారం ఎంబ్రియోని పదేళ్ళకు మించి ఉంచకూడదు. మాకు అంత టైం అక్కర్లేదులే.

ఆవిడ ఇంకో మంచి పని కూడా చేసింది. అంతకుముందు చూపించుకున్న చోట ప్రతి ఫెయిల్యూర్ తర్వాతా బిల్లులో ఏదో ఒకటి కొత్తగా చేరేది. ఒకసారి ఇంట్రాలిపిడ్ అని నరానికి ఎక్కించే కొవ్వు సెలైన్, ఇంకోసారి స్క్రాచింగ్, అంటే గర్భసంచి లోపలి పొరని కొద్దిగా గీకడం. ఆ స్క్రాచింగ్ మీద 1,364 మందితో పెద్ద పరీక్ష చేసి 2019లో ఫలితాలు ప్రచురించారట. గీకినవాళ్ళలోనూ గీకనివాళ్ళలోనూ బిడ్డ పుట్టింది సరిగ్గా 26.1 శాతం మందికే. మీ చెల్లెలు అది పళ్ళ బిగువున భరించింది బావా. ఇలాంటివి రాసేముందు దీనివల్ల లాభమున్నట్టు రుజువుందో లేదో జంటకి చెప్పి తీరాలి. ఈ విషయంలో నాకు చాలా కోపముంది, దాచుకోను.

డబ్బు గురించి ఎక్కువ రాయను. మందులతో కలిపి సైకిల్‌కి రెండు లక్షల పైమాటే, మా ఇన్సూరెన్సులో రాదు. ఫ్లాటు కోసం దాచింది కరిగింది. డబ్బే అడ్డమైతే గాంధీ ఆసుపత్రిలో 2023లో ఐవీఎఫ్ సెంటర్ పెట్టారు కదా, అక్కడికి వెళ్దామని అమ్మ అంది. మేము ఆపేది డబ్బు కోసం కాదని అమ్మకి ఇంకా అర్థం కాలేదు.

అమ్మ సంగతే నాకు అన్నిటికంటే బరువుగా ఉంది. 2019లో గుంటూరులో 70 దాటినావిడకి ఐవీఎఫ్‌తో కవలలు పుట్టారు, గుర్తుందా, టీవీలన్నీ చూపించాయి. అమ్మ ఆ పేపరు కటింగ్ ఇప్పటికీ దేవుడి గదిలో పెట్టుకుంది. "ఆవిడకి పుట్టగా లేంది మనకి పుట్టరా?" అంటుంది. అవి దాతనుంచి తీసుకున్న ఎగ్స్ అనీ, ఇప్పుడు చట్టం ఆడవాళ్ళకి 50 ఏళ్ళ దగ్గరే గీత గీసిందనీ చెప్పాను. వినదు. 2024 ఏప్రిల్‌లో చిలుకూరులో పిల్లలు లేనివాళ్ళకి గరుడ ప్రసాదం ఇస్తున్నారని తెలిసి ఊరంతా అటే కదిలింది చూడు, ఆ రోజు అమ్మ తెనాలి నుంచి తెల్లారేసరికి దిగి మమ్మల్ని బయల్దేరదీసింది. దారి పొడుగునా కార్లు ఆగిపోయి ఉన్నాయి. గుడిదాకా వెళ్ళలేకపోయాం. కారు అద్దంలోంచి చూస్తే అటూ ఇటూ అన్నీ మా ఈడు జంటలే. మీ చెల్లెలు చాలాసేపు వాళ్ళనే చూసి, "ఇంతమందిమి ఉన్నామా" అంది. మాకు పూజలంటే నమ్మకమే బావా. మోపిదేవి వెళ్ళినప్పుడు తన మనసు నిజంగా కుదుటపడింది. ఏటా నాగులచవితికి పుట్టలో పాలు పోస్తూనే ఉంటాం, అది మానేది లేదు.

ఇంకో మాట. నీకు కూడా ఇప్పటిదాకా చెప్పలేదు. లోపం తన ఒక్కదానిదే కాదు. నా వీర్యకణాల కౌంటు కూడా బాగా తక్కువ, అందుకే ప్రతిసారీ ఇక్సీ, అంటే ఒక్కో ఎగ్‌లోకి ఒక్కో వీర్యకణాన్ని సూదితో ఎక్కించడం, చేశారు. పిల్లలు కలగని జంటల్లో సుమారు సగం మందికి మగవాళ్ళ వైపు కూడా కారణం ఉంటుంది, కానీ మన ఇళ్ళల్లో "విశేషమేమైనా ఉందా?" అని అడిగేది కోడలినే. ఇంట్లో చెప్పనిమ్మని నేను మొదట్నుంచీ అంటున్నాను, మీ చెల్లెలే ఒప్పుకోలేదు. "అత్తయ్య తట్టుకోలేరు, మీ గురించి ఎవరైనా ఒక మాటంటే నేనూ తట్టుకోలేను" అంటుంది. సీమంతాల్లో, పేరంటాల్లో అందరి మాటలూ తనే పడింది. ఇప్పుడు ఒప్పించాను. అమ్మకి ఈసారి అది కూడా చెప్పేస్తున్నాను.

దాత ఎగ్స్ గురించి కూడా మాట్లాడుకున్నాం. డాక్టరమ్మ చెప్పింది, అలా అయితే అవకాశాలు మెరుగని. చట్టం ప్రకారం దాతకి 23 నుంచి 35 ఏళ్ళు ఉండాలి, జీవితంలో ఒక్కసారే ఇవ్వాలి, ఏడుకి మించి తీయకూడదు. నాకు అభ్యంతరం లేదు. తనకి మనసొప్పలేదు. కారణం చెప్పమని నేను అడగలేదు, అడగను కూడా. ఇంజక్షన్లు, గడ్డలు, బీటాలు అన్నీ తన ఒంటిమీదుగా వెళ్ళాయి, కాబట్టి ఈ విషయంలో తన మాటే మాట. ఇద్దరికీ చెరి సగం ఓటు అని నేను అనుకోవడం లేదు. నువ్వేమంటావో గాని, నాకైతే ఇదే న్యాయం.

దత్తత సంగతి చెల్లెమ్మ అడిగిందన్నావు. దత్తతల్ని చూసే కేంద్ర సంస్థ కారా నిబంధనలు చదువుతున్నాం. రెండేళ్ళలోపు బిడ్డ కావాలంటే దంపతులిద్దరి వయసూ కలిపి 85 దాటకూడదు. మేము 82లో ఉన్నాం. పసిబిడ్డకైతే మూడేళ్ళకి పైనే ఎదురుచూడాల్సి వస్తోందని విన్నాం. నాకు వెంటనే రిజిస్టర్ చేసెయ్యాలని తొందర. తను మాత్రం, "అది ఇంకో ట్రీట్‌మెంట్ కాదండీ. ఇది అవ్వలేదు కాబట్టి అది అని వెళితే వచ్చే బిడ్డకి అన్యాయం చేసినట్టే. నా మనసు ఖాళీ అయ్యాక వెళ్దాం" అంది. కాస్త పెద్ద పిల్లలైనా ఫర్వాలేదని కూడా అంది, రెండు నుంచి నాలుగేళ్ళ పిల్లలకైతే ఆ హద్దు 90. ఇంకా ఏదీ తేల్చుకోలేదు.

ఈ ఏడాది ఏం చేస్తామంటావా? తను ప్రమోషన్ పరీక్షకి అప్లై చేసింది. ప్రతిసారీ సైకిల్ ఉందనో, రిజల్టు ఉందనో మానేసేది, ట్రాన్స్‌ఫర్ పడితే ఆసుపత్రికి దూరమవుతామని భయం. ఈసారి ఎక్కడ వేసినా వెళ్దామనుకున్నాం. డిసెంబరులో అరకుకి టిక్కెట్లు కొన్నాను. ఇలా ముందుగా రైలు టిక్కెట్టు కొని ఎన్నేళ్ళయిందో. రెండు రోజుల క్రితం పొద్దున్నే లేచేసరికి వంటింట్లో రేడియో వినిపిస్తోంది. తను దోసెలు పోస్తూ, బ్యాంకింగ్ పుస్తకం పప్పుడబ్బాకి ఆనించి చదువుకుంటోంది. నేనేమీ అనకుండా పళ్ళెం పట్టుకుని నిలబడ్డాను.

బాధ లేదని కాదు. మొన్న పెళ్ళిలో మీ అన్నయ్యగారి మనవరాలు తన ఒళ్ళో నిద్రపోయింది చూడు, ఆ రాత్రి ఇంటికొచ్చాక ఇద్దరం చాలాసేపు మాట్లాడుకోలేదు. అలాంటి రాత్రులు ఇంకా ఉంటాయి. కొత్త సైకిల్ మొదలుపెడితే అవి పోతాయని మాత్రం ఇప్పుడు నమ్మడం లేదు.

ఇప్పుడు నీతో పని. వచ్చే ఆదివారం నేనొక్కణ్ణే తెనాలి వెళ్ళి అమ్మకి అంతా చెబుతున్నాను. చెప్పేది నేనే, ఆ భారం నీమీద పెట్టను. కానీ నువ్వు పక్కన ఉంటే బాగుంటుంది. చిన్నప్పట్నుంచీ అమ్మ నా మాటకంటే నీ మాటే వింటుంది, పైగా నేను కళ్ళనీళ్ళు పెట్టుకుంటే అమ్మ విషయం వదిలేసి నన్ను ఓదార్చడం మొదలుపెడుతుంది. మధ్యాహ్నం భోజనాల టైముకి ఇంటికి వచ్చెయ్. చెల్లెమ్మకి వీలైతే తీసుకురా, అమ్మ పక్కన ఆడమనిషి ఒకరుంటే మంచిది. వచ్చేటప్పుడు బోసు రోడ్డులో అమ్మ బీపీ మాత్రలు ఒక షీటు తీసుకో, చీటీ ఫొటో వాట్సాప్‌లో పెడతాను.

ఇంకొకటి, వచ్చే ఏడు మేము ఆ ఎంబ్రియో పెట్టించుకున్నాక రిజల్టు ఎప్పుడని అడక్కు బావా. ఏదైనా సరే, మీ చెల్లెలే నీకు ఫోన్ చేస్తానంది.

ఆదివారం కలుద్దాం.

నీ
బావ