జాబు అంటే ఉద్యోగం కాదు తల్లీ

చిన్నీ,

మొన్న తాతయ్య పాత కార్డు ఫొటో పంపితే, "వెంటనే జాబు వ్రాయవలెను అని ఉందేంటమ్మా, తాతయ్య నిన్ను ఏదైనా ఉద్యోగానికి పరీక్ష రాయమన్నారా?" అని అడిగావు. ఫోన్‌లో సరిగా చెప్పలేకపోయాను, అందుకే ఇది.

జాబు అంటే ఉత్తరం. అరబ్బీ నుంచి ఉర్దూలోకి వచ్చిన జవాబు అనే మాటే మన నోట్లో నలిగి జాబు అయింది. బ్రౌన్ నిఘంటువులో కూడా జాబుకి ఉత్తరం అనే అర్థం ఉంది. ఉత్తరం అన్నా సంస్కృతంలో జవాబే, ప్రశ్నోత్తరాలు అంటాం కదా. తాటాకు మీద రాసిన రోజుల్లో కమ్మ అనేవాళ్లు, అది ఆకు పేరు. కానీ జాబు, ఉత్తరం అనే ఈ రెండు మాటలూ చూడు, మొదట రాసినవాళ్ల కాగితాన్ని కూడా మనవాళ్లు జవాబు అనే పిలిచారు. నాకు అదే ఇష్టం.

నా పెళ్లయిన కొత్తలో మీ తాతయ్య రిప్లై కార్డులు పంపేవారు. రెండు కార్డులు కలిసి ఉండేవి, ఒకదాని మీద "చి.ల.సౌ. అమ్మాయిని దీవించి వ్రాయునది, ఉభయకుశలోపరి" అని మొదలుపెట్టి రాసి, రెండోదాని మీద తన అడ్రసు తనే రాసి పంపేవారు, కార్డు డబ్బుల కోసం కొత్త కోడలు అత్తారింట్లో ఎవరినీ అడగకూడదని. నేను ఆ సగం చింపి నాలుగు ముక్కలు రాసి డబ్బాలో వేస్తే చాలు. కార్డు అందరూ చదువుతారు కాబట్టి ఎప్పుడూ "ఇక్కడ అందరం క్షేమం" అనే రాసేదాన్ని. ఒకసారి జ్వరంతో పడుకుని కూడా అదే రాశాను, కాకపోతే అక్షరాలు వంకర పోయాయి. నా జాబు అందిన మర్నాడే మా నాన్న, అదే మీ తాతయ్య, బస్సు దిగి గుమ్మంలో నిలబడ్డారు, చేతిలో ఆ కార్డు.

నువ్వు వాట్సాప్‌లో "బాగున్నానమ్మా" అని పెడతావు, రోజూ ఒకేలా ఉంటుంది, అందులో నీ చెయ్యి కనపడదు, నాకు టెన్షన్ తగ్గదు.

ఈ కవరులో ఒక ఖాళీ ఇన్లాండ్ లెటర్ పెట్టాను, మన ఇంటి అడ్రసు రాసేశాను. తీరిక దొరికినప్పుడు నాలుగు ముక్కలు రాయి. దాని జిగురు సరిగా అంటుకోదు, రెండు అన్నం మెతుకులు పెట్టి నొక్కు.

నీ జాబు కోసం చూస్తూ,
అమ్మ