పేషీ లాగ్‌బుక్కులు అడగకముందే బయటపెట్టాలి

సంపాదకులు గారికి,

మంత్రుల పేషీల్లోని ఓఎస్‌డీలు (ప్రత్యేక విధుల అధికారులు), పీఏలు సర్కారు జీతం తీసుకుంటూ పార్టీ ప్రచారం చేశారని, దానిపై విచారణ మొదలైందని పేపర్లో తరచూ చదువుతుంటాం. ఆ విచారణ ఏమైందో మాత్రం ఎక్కడా కనబడదు. నేను ప్రభుత్వ ఆఫీసులో వాహనాల డీజిల్ బిల్లులు పాస్ చేసే సీట్లో చాలా ఏళ్లు పనిచేసి రిటైరయ్యాను. ఇలాంటి కేసుల్లో సాక్ష్యం ఎక్కడ ఉంటుందో, ఎలా మాయమవుతుందో దగ్గరగా చూసిన మనిషిగా ఈ ఉత్తరం రాస్తున్నాను.

ఈ విషయంలో మన దేశంలో అన్నిటికన్నా పెద్ద కేసు ఒక ఓఎస్‌డీ రాజీనామా తేదీ చుట్టూ తిరిగింది. 1971లో రాయ్‌బరేలీలో ఇందిరాగాంధీ గెలిచారు. ఆమె ఎన్నికల పని చూసిన యశ్‌పాల్ కపూర్ అంతకుముందు ప్రధాని సచివాలయంలో ఓఎస్‌డీ. జనవరి 13న రాజీనామా ఇచ్చానని, మర్నాటి నుంచే తాను ఉద్యోగిని కానని ఆయన అన్నారు. పై అధికారి నోటిమాటతో ఒప్పుకున్నారని చెప్పారు. అలహాబాద్ హైకోర్టు నోటిమాట చెల్లదంది. రాజీనామా ఆమోదిస్తూ ఉత్తర్వు వచ్చిన జనవరి 25 దాకా ఆయన ప్రభుత్వోద్యోగేనని తేల్చింది. జనవరి 7నే ఆయన ఆమె తరఫున ప్రసంగించారని కూడా గుర్తించింది. ప్రచార వేదికలు, మైకుల ఏర్పాటుకు రాష్ట్ర అధికారులను వాడుకున్నారన్న ఆరోపణా రుజువైంది. ఈ కారణాలతోనే 1975 జూన్ 12న జస్టిస్ జగ్‌మోహన్‌లాల్ సిన్హా ఆ ఎన్నిక చెల్లదన్నారు. తర్వాత పార్లమెంటు చట్టాన్నే వెనక తేదీ నుంచి మార్చేసింది. రాజీనామా ఏ రోజు నుంచి అమలైందని గెజెట్‌లో వేస్తే ఆ రోజే ఖాయమంది. నవంబరులో సుప్రీంకోర్టు ఆ సవరణలను సమర్థించి, హైకోర్టు తీర్పును కొట్టేసింది.

అంటే అప్పటి నుంచి ప్రభుత్వం తన సొంత మనిషి ఎప్పుడు ఉద్యోగం వదిలాడో తానే రాసుకోవచ్చు. నాకు ఇది ఇప్పటికీ మింగుడుపడదు. మామూలు గుమాస్తా రిలీవింగ్ ఆర్డర్ చేతికి రాకుండా సీటు వదిలితే మెమో ఇస్తారు కదా!

ఇప్పుడు ఆఫీసులో జరిగేది చెబుతాను. ఎన్నికల ముందు పేషీ బండి లాగ్‌బుక్కులో రోజూ ‘ఆఫీస్ పని’ అనే రాసి ఉంటుంది. ఏ ఊరో ఉండదు. మీటరు రీడింగు మాత్రం ఊరూరా తిరిగిన సంగతి చెప్పేస్తుంటుంది. ఎక్కడికి వెళ్లారని రాసి పంపితే బిల్లు తిరిగొచ్చేది కాదు, ఫోన్ వచ్చేది. మా దగ్గర ఒక డ్రైవరు సభ జరిగిన ఊళ్ల పేర్లు ఉన్నదున్నట్టు రాశాడు. కొద్ది రోజులకే అతన్ని వేరేచోటికి మార్చారు. లాగ్‌బుక్కు కూడా మారింది. విచారణాధికారి వచ్చేసరికి కొత్త పుస్తకం, ఒకే సిరాతో, ఒకే చేతిరాతతో సిద్ధంగా ఉంది.

అందుకే గడువుల గురించి అందరూ ఆలోచించాలని నా కోరిక. ఎన్నిక చెల్లదనాలంటే ఫలితం ప్రకటించిన 45 రోజుల్లో హైకోర్టులో ఎన్నికల పిటిషన్ వేయాలి. ఓడిన అభ్యర్థే కాదు, ఆ నియోజకవర్గం ఓటరు కూడా వేయొచ్చు. కానీ ఆధారం కావాలంటే సమాచార హక్కు కింద అడగాలి, జవాబుకు 30 రోజులు. ఇవ్వకపోతే అప్పీలు, దానికి మరో 30 రోజులు. అప్పటికి పిటిషన్ గడువు దాటిపోతుంది. పిటిషన్ వేసినా, ఆరు నెలల్లో ముగించేందుకు ప్రయత్నించాలని చట్టంలో ఉంది గానీ, రాయ్‌బరేలీ కేసుకే నాలుగేళ్లు పట్టింది.

ఇంకో చిక్కుంది. ప్రజాప్రాతినిధ్య చట్టం 123(7) గెజిటెడ్ అధికారులు, పోలీసులు, రెవెన్యూ అధికారులు వంటి కొన్ని వర్గాల సాయాన్నే ఎన్నిక రద్దుకు దారితీసే అవినీతి చర్యగా చూస్తుంది. కాంట్రాక్టు మీద, అవుట్‌సోర్సింగ్ మీద పేషీలో చేరి ఫోన్ పట్టుకుని రోజంతా పార్టీ పోస్టులు పెట్టే కుర్రాళ్లు ఆ జాబితాలో ఎక్కడున్నారు?

దొరికినా కింది మనిషే దొరుకుతాడు. అమెరికాలో మిల్‌వాకీ కౌంటీ (మన జిల్లా లాంటిది) పాలకుడి ఆఫీసులో విడిగా పెట్టిన రహస్య వైఫై వాడుకుని, పని వేళల్లో ఒక అభ్యర్థికి విరాళాలు పోగుచేసిన సహాయకురాలికి 2012లో ఆరు నెలల జైలు వేశారు. ఆమె పై అధికారి మీద కేసే లేదు. అదే దేశంలో పెన్సిల్వేనియాలో మాత్రం ప్రచారం చేసిన చట్టసభ సిబ్బందికి ప్రజల సొమ్ముతో బోనస్‌లు ఇచ్చారన్న కేసులో, 2010లో మైక్ వీయన్ అనే నాయకుడికే శిక్ష పడింది. విచారణ పైదాకా వెళ్లడం అసాధ్యమేమీ కాదు. ఆ పని చేయమని ఎవరు చెప్పారు, బిల్లు మీద ఎవరు సంతకం పెట్టారు అని అడిగితే చాలు.

నేను కోరేది పెద్ద సంస్కరణ కాదు. సమాచార హక్కు చట్టం సెక్షన్ 4 ప్రకారం ఎవరూ అడగకపోయినా ఆఫీసులు వివరాలు ప్రకటించాలి. ఎన్నికల కోడ్ వచ్చిన రోజే ప్రతి పేషీ సిబ్బంది పేర్లు, వాళ్ల నియామకం తీరు, రాజీనామాలు, సెలవులు, వాహనాల లాగ్‌బుక్కుల స్కాన్ కాపీలు వెబ్‌సైట్‌లో పెట్టాలి. వారం వారం తాజాగా ఉంచాలి. ఎన్నికల అధికారి దగ్గర ఒక ప్రతి ఉండాలి, తర్వాత పుస్తకం మార్చినా పట్టుబడేలా. నిజం రాసిన డ్రైవర్లను, గుమాస్తాలను పిటిషన్ గడువు తీరేదాకా బదిలీ చేయకూడదు. మీ పత్రిక కూడా విచారణ మొదలైనప్పుడు వేసే వార్త ఎంత పెద్దదో, అది ఎక్కడ ఆగిందో చెప్పే వార్తా అంతే పెద్దది వేయాలని మనవి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ సూపరింటెండెంట్