హంద్రీలో పరుపు

రేయ్ గుండూ,

జవాబు రాయలేదని తిట్టుకుంటుంటావు, తిట్టుకో. ఇంట్లో అందరూ బాగున్నారు, నాన్న షుగర్ అదుపులోనే ఉంది, చెల్లెలి సంబంధం ఇంకా నానుతోంది. అవన్నీ తర్వాత. ముందు ఆదివారం సంగతి నీకు చెప్పకపోతే నాకు అన్నం సహించేలా లేదు.

మా వీధివాళ్లం కొందరం మన కర్నూలు హంద్రీ ఏట్లో చెత్త తీస్తున్నామని ఫోన్లో చెబితే నవ్వావు కదా. ఈసారి వంతెన కింద గుర్రపుడెక్కలో ఏదో నల్లగా ఇరుక్కుని కనబడింది. ఎనుము చచ్చి పడిందేమో అనుకున్నాం. తీరా చూస్తే పరుపు! డబుల్‌కాట్ దూది పరుపు. నీళ్లు తాగి, బురద పట్టి, చుట్టూ పాత చీరలు, చీరల్లో కవర్లు. అయిదారుమందిమి మోకు కట్టి లాగితే మోకు పుటుక్కున తెగి అందరం వెల్లకిలా పడ్డాం. ఇంటర్లో మన కబడ్డీ ఫైనల్ గుర్తొచ్చింది. పచ్చ నిక్కరు సంగతి మాత్రం ఇక్కడ రాయను, ఈ ఉత్తరం మీ ఆవిడ కూడా చదువుతుంది.

గట్టు మీద ఎనుములు మేపుకుంటున్న పెద్దాయన చూసి చూసి దిగొచ్చాడు. "నా ఎనుముల్ని ఊరికే చంపొద్దు నాయనా. అట్ల లాగితే వస్తాదా? కొడవలితో కడుపు కోసి దూది తీసేయండి, ల్యాకుంటే పొద్దుగూకేదాకా ఇంతే" అన్నాడు. కోశాం. ఆ కంపు... వద్దులే. ఇంటికొచ్చి రెండుసార్లు తలకు పోసుకున్నా ఉగ్గాని ముట్టబుద్ధి కాలేదు. అంత దూదీ గంపలకెత్తాక ఉత్త గుడ్డ ఇద్దరికే లేచొచ్చింది.

అప్పుడే పైనుంచి ఓ కవర్ దబ్బున వచ్చి మన బ్యాంకోడి నెత్తిన పడింది. నిండా వాడిపోయిన బంతిపూలు. పైన బండి ఆపుకుని ఒకాయన కళ్లు మూసుకుని దండం పెట్టుకుంటున్నాడు! బ్యాంకోడు బురదకాళ్లతోనే పైకి ఉరికాడు. కొడతాడేమోనని నాకు టెన్షన్. వాడేమో పూలన్నీ ఆయన దోసిట్లో పోసి, "ఇవి గంగలో కలపండి సార్, కవర్ జేబులో పెట్టుకోండి" అన్నాడు. ఆయన నిజంగానే మడిచి పెట్టుకున్నాడురా! మేం నవ్వు ఆపుకునేలోగా బండి తీసుకుని మాయం.

నవ్వుకున్నాం గానీ, 2009 అక్టోబర్ వరదకు మీ ఇంటి గోడ మీద మిగిలిన ఆ బురద గీత నాకింకా కళ్లముందే ఉంది. ఇప్పుడు గోతాల నిండా దొరికేవి ప్లాస్టిక్ గ్లాసులు, చెంచాలే. 2022 జూలై 1 నుంచి వాటికి నిషేధం, అయినా నిన్న కొన్నట్టే తళతళలాడుతున్నాయి. ఇక్కడ పట్టుకోకపోతే కాస్త దూరంలోనే తుంగభద్ర, అక్కణ్ణుంచి సంగమేశ్వరం దగ్గర కృష్ణ, ఆపైన శ్రీశైలం. మల్లన్నకు మనూరి కానుక ఇదీ.

చెత్త ఎత్తుకుపోతామన్న ట్రాక్టర్ సాయంత్రమైనా రాలేదు. పత్తికొండ వైపు మబ్బు పట్టింది. అక్కడ గట్టిగా పడితే ఇక్కడ ఎండ కాస్తున్నా హంద్రీకి నీళ్లొస్తాయని నీకు తెలుసుగా. తీసిందంతా మళ్లీ ఏట్లోకే పోతుందని చేతులు మార్చుకుంటూ గోతాలన్నీ రోడ్డెక్కించాం. పెద్దాయన ఆ పరుపు గుడ్డ తనకిమ్మన్నాడు. ఎందుకు తాతా అంటే ఏమన్నాడో తెలుసా... ఉండు, గ్యాస్ బండ వచ్చిందని అమ్మ కేకేస్తోంది. అది ఫోన్లో చెప్తా.

నీ
బక్కోడు