విటమిన్ డి మాత్ర రోజూ వేసుకునేది కాదు

సంపాదకులకు నమస్కారం.

విటమిన్ డి తక్కువుంటే తొందరగా చనిపోతారన్న మాట ఈమధ్య ఎక్కడ చూసినా కనిపిస్తోంది. అది చదివి భయపడినవాళ్ళలో మా నాన్న ఒకరు. ఆయనకు 71 ఏళ్ళు. ఎవరికీ చెప్పకుండా వెళ్ళి రక్తపరీక్ష చేయించుకుంటే రిపోర్టులో 22 అని వచ్చింది, పక్కనే లావు అక్షరాల్లో 'తక్కువ' అని ఉంది. 20 ఉంటే చాలామందికి సరిపోతుందని అమెరికా నిపుణుల కమిటీ 2010లోనే చెప్పింది, కానీ ఆ లావు అక్షరాలు చూశాక ఆయన ఆగుతారా? మందుల షాపులో అడిగితే 60,000 యూనిట్లవి, నాలుగు మాత్రల స్ట్రిప్పు ఇచ్చారు. వారానికి ఒకటే వేసుకోవాలని ఎవరూ చెప్పలేదు. బీపీ మాత్రతో పాటు ఇదీ రోజూ టిఫిన్ తర్వాత వేసుకున్నారు.

మొదట అన్నం సయించలేదు. తర్వాత మలబద్ధకం, వాంతులు, రాత్రంతా దాహం, గంటకోసారి బాత్రూంకి లేవడం, మేము షుగరేమో అనుకున్నాం. ఒకరోజు పొద్దున పక్కింటాయన పలకరిస్తే ఆయన పేరు గుర్తురాక గేటు దగ్గరే అలా నిలబడిపోయారు. ఆస్పత్రికి తీసుకెళ్తే రక్తంలో కాల్షియం విపరీతంగా పెరిగి కిడ్నీల మీద పడిందన్నారు. ఆరు రోజులు సెలైన్లు. ఆయన టేబుల్ సొరుగులో రబ్బరు బ్యాండు వేసి పెట్టిన ఖాళీ స్ట్రిప్పులు దొరికాయి, లెక్కపెడితే పద్దెనిమిది. అంటే 72 మాత్రలు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ లెక్క ప్రకారం అరవై ఏళ్ళలోపు పెద్దలకు రోజుకు 600 యూనిట్లు చాలు, ఒక్కో మాత్రలో వాళ్ళకు వంద రోజులకు సరిపడా ఉందన్నమాట!

డి తక్కువున్నవాళ్ళలో మరణాలు ఎక్కువన్నది అబద్ధం కాదు, చాలా దేశాల లెక్కలు అదే చెప్పాయి. కానీ మంచాన పడ్డవాళ్ళు, గుండెజబ్బుతో గడప దాటనివాళ్ళు, ఒళ్ళు బాగా చేసినవాళ్ళు, వీళ్ళకి డి ఎలాగూ తక్కువే ఉంటుంది కదా, మరి డి తగ్గి జబ్బు వచ్చిందా, జబ్బు వల్ల డి తగ్గిందా? అది తేల్చడానికే ఆస్ట్రేలియాలో 60 ఏళ్ళు దాటిన 21,000 మందికి పైగా తీసుకుని, సగం మందికి ఇదే 60,000 యూనిట్ల మోతాదు నెలకొకటి, మిగతా సగానికి మందు లేని ఉత్తి మాత్ర ఐదేళ్ళ దాకా ఇచ్చారు. 2022లో ఫలితం వచ్చింది. మరణాలు తగ్గలేదు. అమెరికాలో దాదాపు 26,000 మంది మీద రోజుకు 2,000 యూనిట్లతో చేసిన పరీక్షలోనూ క్యాన్సర్లు, గుండెపోట్లు తగ్గలేదు. ఆ రెండు చోట్లా ఎక్కువమందికి డి మరీ తక్కువేమీ లేదు. నిజంగా బాగా తగ్గిపోయి ఎముకలు మెత్తబడ్డవాళ్ళకి ఈ మాత్ర కచ్చితంగా కావాలి, డాక్టరు చెప్పిన మోతాదులో, చెప్పినన్ని వారాలే.

ఔషధ నియంత్రణ అధికారులను నేను అడిగేది ఒక్కటే, 60,000 యూనిట్ల స్ట్రిప్పు మీద 'రోజూ వేసుకోకూడదు' అని తెలుగులో, చత్వారం ఉన్నవాళ్ళకి కూడా కనపడేంత పెద్దగా రాయించండి. చీటీ లేకుండా అడిగినన్ని ఇవ్వడం ఆపించండి.

నాన్న ఇంటికొచ్చారు, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ మాత్రం ఇంకా మామూలుకి రాలేదు, వచ్చే నెల మళ్ళీ పరీక్ష ఉంది. ఆయన పొద్దున్నే మీ పేపర్లో ముందుగా చూసేది ఆరోగ్యం పేజీనే, వీలైతే ఈ లేఖ ఆ పేజీలోనే వేయండి.

— ఒక పాఠకురాలు, ఖమ్మం