లెన్సులకు నీళ్ళు తగలకూడదని అమ్మేరోజే చెప్పండి

సంపాదకులకు నమస్కారం.

మీ ఆరోగ్యం పేజీ నేను వదలకుండా చదువుతాను. బీపీ, షుగర్, మోకాళ్ళ నొప్పులు అన్నీ వస్తాయి గానీ కాంటాక్ట్ లెన్సులు పెట్టుకునేవాళ్ళకు పనికొచ్చే ముక్క మాత్రం ఇన్నేళ్ళలో నా కంటపడలేదు. అందుకే ఈ ఉత్తరం. కాస్త పొడుగైనా దయచేసి వేయండి.

నేను తొమ్మిదేళ్ళుగా లెన్సులు వాడుతున్నాను. మొదటిసారి కొన్నప్పుడు షాపులో అమ్మాయి అరగంట కూర్చోబెట్టి ఓపిగ్గా నేర్పింది. లెన్సు తిరగబడిందో లేదో వేలి కొన మీద పెట్టి ఎలా చూడాలి (అంచులు గిన్నెలా నిటారుగా ఉంటే సరైన వైపు, పళ్ళెంలా బయటికి విచ్చుకుంటే తిరగబడినట్టు), పై రెప్ప ఎలా పట్టుకోవాలి, కుడి ఎడమ కలిసిపోకుండా రోజూ ఒకే కంటితో ఎందుకు మొదలుపెట్టాలి, అన్నీ చెప్పింది. నీళ్ళ సంగతి మాత్రం చెప్పలేదు. డబ్బాలో పెట్టిన కాగితంలో ఉందట, చీమ తలకాయంత అక్షరాల్లో. ఎవరు చదువుతారు?

పోయినేడాది ఒక రాత్రి సొల్యూషన్ (లెన్సుల్ని కడిగి నానబెట్టే, క్రిముల్ని చంపే ద్రవం) అయిపోయింది. ఒక్క రాత్రికి ఏమవుతుందిలే అని లెన్సుల్ని కుళాయి కింద కడిగి, కేసులో, అంటే లెన్సులు దాచుకునే చిన్న డబ్బాలో, మంచినీళ్ళు పోసి అందులో వేశాను. తెల్లారి అవే పెట్టుకున్నాను. రెండో రోజుకి ఎడమ కంట్లో నలక పడ్డట్టు గరగర, మూడో రోజుకి కన్ను చింతనిప్పులా ఎర్రబడింది, కిటికీ తెరిస్తే వెలుతురు సూదుల్లా గుచ్చుకునేది. డాక్టరు గారు ముందు అడిగిన ప్రశ్న "లెన్సులు నీళ్ళతో కడిగారా?" అని. నారింజ రంగు కొసున్న చిన్న కాగితం ముక్క కంటికి తాకించి, నీలం లైటు వేసి చూశారు. నల్లగుడ్డు అంచు దగ్గర ఆవగింజంత మచ్చ పచ్చగా మెరుస్తోంది. అక్కడ పుండు పడింది. ఆ పుండు మీంచి కొంచెం గీకి ల్యాబ్‌కి పంపారు. మొదటి రెండు రోజులు రాత్రి కూడా గంటకోసారి లేచి చుక్కలు వేసుకోవాల్సి వచ్చింది. అలారం పెట్టుకుని అమ్మ లేపేది. అది బాక్టీరియా వల్ల వచ్చిన ఇన్ఫెక్షన్ కాబట్టి మూడు వారాల్లో తగ్గింది, ఒక చిన్న తెల్లమచ్చ మిగిలింది. అదే మచ్చ మధ్యలో పడి ఉంటే చూపు దెబ్బతినేదని డాక్టరు గారు చెప్పినప్పుడు నాకు కాళ్ళు వణికాయి.

నీళ్ళలో అసలు భయపడాల్సింది అకాంతమీబా అనే సూక్ష్మజీవికట. కుళాయి నీళ్ళలో, స్విమ్మింగ్ పూల్లో, మట్టిలో ఎక్కడైనా ఉంటుంది. తాగితే మనకేమీ చేయదు, కానీ లెన్సును అంటిపెట్టుకుని కంట్లోకి వెళ్తే నల్లగుడ్డుపై ఉండే కార్నియా పొరను తినేస్తుంది, పైగా చుట్టూ గట్టి గూడు కట్టుకుని మందులకు లొంగకుండా కూర్చుంటుంది. నెలల తరబడి వైద్యం చేయాలి, ఒక్కోసారి కార్నియా మార్పిడి దాకా వెళ్తుంది. ఇది అరుదే, కానీ ఎవరికి వస్తుందో ముందే తెలియదు కదా. ఫిల్టర్ నీళ్ళు, కాచిన నీళ్ళు కూడా సొల్యూషన్‌కి బదులు కావు. లెన్సులు పెట్టుకుని స్నానం చేయకూడదు, ఈత కొట్టకూడదు, ముఖం మీద నీళ్ళు చల్లుకోకూడదు. చేతులు సబ్బుతో కడుక్కుని, నూలుపోగులు అంటని బట్టతో పూర్తిగా తుడుచుకున్నాకే లెన్సు ముట్టుకోవాలి. తడి వేలు కూడా నీళ్ళే!

రెండోది నిద్ర. కార్నియాకి రక్తనాళాలు ఉండవు, దానికి కావాల్సిన ఆక్సిజన్ చాలావరకు బయటి గాలి నుంచే తీసుకుంటుంది. లెన్సు ఉండగా రెప్ప కూడా మూసేస్తే ఊపిరాడనట్టే. లెన్సులతో నిద్రపోతే ఇన్ఫెక్షన్ వచ్చే అవకాశం 6 నుంచి 8 రెట్లు పెరుగుతుంది. మధ్యాహ్నం కునుకు కూడా ఇందులోకే వస్తుంది.

సొల్యూషన్ దగ్గర చాలామంది చేసే తప్పు ఇంకొకటుంది. కేసులో నిన్నటిది ఉంటే పారబోయకుండా దాని మీదే కొత్తది పోస్తారు. పాతది అప్పటికే పని అయిపోయిన ద్రవం, అందులో కలిస్తే కొత్తదాని బలం కూడా పోతుంది. సొల్యూషన్ రోజూ మార్చాలి, లెన్సును అరచేతిలో పెట్టి వేలితో మెల్లగా రుద్దాలి. సెలైన్ (ఉప్పు కలిపిన శుద్ధమైన ద్రవం) కడగడానికే తప్ప క్రిముల్ని చంపదు. కేసుని కూడా సొల్యూషన్‌తోనే కడిగి, టిష్యూతో తుడిచి, మూతలు తీసి బోర్లించాలి, మూడు నెలలకోసారి మార్చేయాలి. నెల లెన్సు అంటే తెరిచిన రోజు నుంచి నెల, ముప్పై సార్లు పెట్టుకోవడం కాదు.

కంప్యూటర్ ముందు కూర్చుంటే రెప్ప వేయడం మర్చిపోతాం, అందుకే సాయంత్రానికి కళ్ళు పొడిబారి లెన్సు అంటుకుపోయినట్టు ఉంటుంది. లెన్సులతో వాడొచ్చని రాసున్న చుక్కలే వాడండి. అప్పటికీ ఇబ్బందిగా ఉంటే తీసేసి కళ్ళజోడు పెట్టుకోండి. లెన్సులొచ్చాయని కళ్ళజోడు పక్కన పడేయకండి, ఇప్పటి పవర్‌తో ఒకటి ఎప్పుడూ దగ్గరుండాలి. అది లేకపోవడం వల్లే నొప్పి పుడుతున్నా లెన్సుతోనే తిరుగుతారు, నేనూ ఒక పూట అలాగే తిరిగాను. ఎరుపు, నొప్పి, మసక, వెలుతురు పడకపోవడం, ఏది కనిపించినా లెన్సు తీసేసి అదే రోజు డాక్టరు దగ్గరికి వెళ్ళండి. ఆ లెన్సునీ కేసునీ పారేయకుండా వెంట తీసుకెళ్ళండి, పరీక్షకు పనికొస్తాయి. ఇంట్లో మిగిలిన చుక్కలు మాత్రం వేసుకోకండి. వాటిలో స్టెరాయిడ్ ఉంటే ఎరుపు తగ్గినట్టే కనిపించి లోపల పుండు ముదిరిపోతుంది.

ఫంక్షన్ల కోసం పవర్ లేని రంగు లెన్సులు కొని స్నేహితురాళ్ళతో పంచుకునే పిల్లలకి కూడా ఇవన్నీ వర్తిస్తాయి. ఒకరి లెన్సు ఇంకొకరు అస్సలు పెట్టుకోకూడదు.

లెన్సులు అమ్మేవాళ్ళకి మీ పత్రిక ద్వారా నా విన్నపం ఒక్కటే. డబ్బా చేతికిచ్చే ముందు "నీళ్ళు తగలనివ్వకండి" అని నోటితో చెప్పండి. దానికి పది సెకన్లు కూడా పట్టదు. మీరు కూడా ఆరోగ్యం పేజీలో ఒక మూల బాక్సు కట్టి ఈ మాట వేయండి.

మా చెల్లి మొన్ననే లెన్సులు తీసుకుంది. షాపులో దానికీ ఎవరూ చెప్పలేదు. కేసు మూతల మీద చెరగని మార్కర్‌తో రెండువైపులా "నీళ్ళు వద్దు" అని రాసి ఇచ్చాను.

ఇట్లు,
ఒక పాఠకురాలు