యాప్‌లో ఇక మన గానుగ నూనె ఉండదు

అందరికీ నమస్కారం. ఆదివారం నుంచి ఆన్‌లైన్‌లో సరుకులు అమ్మే యాప్‌లో మన వేరుశనగ నూనె కనిపించడం లేదని ఫోన్లు చేస్తున్నారు. స్టాక్ అయిపోయి కాదు, నేనే తీసేశాను. అనంతపురంలో కొట్టు ఎప్పటిలాగే తెరిచే ఉంటుంది, ధర మారలేదు, బయటి ఊళ్లవాళ్లు ఫోన్ చేస్తే ఆర్టీసీ కార్గోలో పంపిస్తాను.

తీసేయాలా వద్దా అని మూడు వారాలు నాకు నిద్ర లేదు. మా అమ్మకాల్లో సగం అక్కడివే. నాలుగేళ్లుగా ఏ ఊరికి ఎన్ని లీటర్లు పోతున్నాయో, ఏ నెలలో గిరాకీ ఎక్కువో ఆ లెక్కంతా యాప్ కంపెనీ దగ్గరే ఉంది, నాకేమో కొన్నవాళ్ల ఫోన్ నంబరు కూడా ఇవ్వరు. ఈ ఏడాది ఆ కంపెనీ సొంత పేరుతో గానుగ నూనె దింపింది. అప్పట్నుంచి ఎవరు వెతికినా పైన వాళ్లది, మనది ఎక్కడో అడుగున. మన లెక్కలు చూసే దిగారని రుజువు చూపించలేను, కానీ సంతలో ఆశీలు వసూలు చేసే ఆసామే ముందు వరసలో కొట్టు పెట్టుకుని మనల్ని మూలకు తోస్తే ఏమనాలి? లీటరు నూనెకు రెండున్నర కిలోల గింజలు పడతాయి, వాళ్లు పెట్టిన ధరకు నాకు గింజల ఖర్చే రాదు.

తక్కువకు వస్తే జనానికి మంచిదేగా అని మా తమ్ముడు వాదించాడు. చిన్న గానుగలన్నీ మూతపడ్డాక అదే ధర ఉంటుందా?

ఒక మార్కెట్లో ఉన్న పెత్తనాన్ని అడ్డం పెట్టుకుని ఇంకో మార్కెట్లోకి దూరడం తప్పని 2002 కాంపిటీషన్ చట్టం నాలుగో సెక్షన్‌లోనే ఉంది. కానీ తేలేసరికి ఏళ్లు పడుతుంది. ఫోన్లు నడిపే గూగుల్ ఆండ్రాయిడ్ మీద ఈ చట్టం కింద కాంపిటీషన్ కమిషన్ 2019లో విచారణకు ఆదేశిస్తే 1,337.76 కోట్ల రూపాయల జరిమానా పడింది 2022 అక్టోబరులో. అన్నాళ్లు నేను గానుగ ఆపుకుని కూర్చోలేను. 2024 మార్చిలో కేంద్రం బయటపెట్టిన డిజిటల్ కాంపిటీషన్ బిల్లు ముసాయిదాలో మాత్రం, పెద్ద కంపెనీలు తమ సరుకునే ముందుకు తోసుకోకూడదని, అమ్మేవాళ్ల లెక్కలు వాడుకుని వాళ్లతోనే పోటీకి దిగకూడదని ముందుగానే కట్టడి రాశారు. నాలాంటివాళ్లకు కావాల్సింది అదే. అలాంటి కట్టడి అమల్లోకి వచ్చిన రోజు మళ్లీ యాప్‌లోకి వస్తాను, అంతవరకు నష్టమొచ్చినా రాను.

మరి ఆర్డర్లకు వాడే వాట్సాప్ కూడా పెద్ద కంపెనీదే కదా అని ఒక అక్క అడిగారు. నిజమే, అందుకే మీ నంబర్లన్నీ ఇప్పుడు కొట్టులో పుస్తకంలో రాసి పెడుతున్నాను. యాప్‌లో డబ్బు కట్టి ఇంకా నూనె అందనివాళ్లు బిల్లు చూపించండి చాలు, డబ్బా నేనిస్తాను.