తల ఊపితే నమ్మినట్టేనా?

సంపాదకుడు గారికి,

ప్రభుత్వ ఆసుపత్రులను జనం నమ్మడం లేదని మీ పత్రికలో తరచూ రాస్తున్నారు, అందులో నిజం ఉంది. కానీ మమ్మల్ని ఎవరు నమ్ముతున్నారో, ఎవరు నమ్మడం లేదో డాక్టర్లమైన మాకే సరిగ్గా తెలియదు, ఆ సంగతి ఎవరూ రాయరు. పదకొండేళ్లుగా పీహెచ్‌సీలో, అంటే ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో, మెడికల్ ఆఫీసర్‌గా పనిచేస్తున్నాను కాబట్టి నేనే రాస్తున్నాను.

మా ఓపీకి ఒక పెద్దావిడ నెలనెలా వచ్చేది. ఏం చెప్పినా "సరే డాక్టరమ్మా" అని తల ఊపి, బీపీ బిళ్లలు కొంగున ముడేసుకుని వెళ్లేది. బీపీ మాత్రం 170 దిగేది కాదు. డోసు పెంచాను, ఇంకో మందు కలిపాను. 2023 ఏప్రిల్‌లో ఫ్యామిలీ డాక్టర్ కార్యక్రమం మొదలయ్యాక 104 బండితో (సంచార వైద్య వాహనంతో) ఊళ్లకు వెళ్లడం, మంచాన పడ్డవాళ్లను ఇంటికెళ్లి చూడడం మా పనిలో భాగమైంది. అలా ఒకరోజు ఆవిడ పక్కింటికి వెళితే, పిలిచి మజ్జిగ ఇచ్చింది. గూట్లో బిస్కెట్ల డబ్బా, దాని నిండా నేనిచ్చిన స్ట్రిప్పులే, ఒక్కటీ చింపలేదు. ఎందుకమ్మా అంటే, "తల తిరగనప్పుడు బిళ్లెందుకు? వద్దంటే మీరు నొచ్చుకుంటారని తెచ్చుకుంటన్నా" అంది.

నాకు చాలా భయం వేసింది. నేను పెంచుకుంటూ పోయిన మందులన్నీ ఆవిడ ఏదో ఒకరోజు ఒక్కసారిగా మొదలుపెట్టి ఉంటే బీపీ పడిపోయి ఏమయ్యేదో. నన్ను బాగా నమ్మే పేషెంట్ ఎవరని అంతకుముందు అడిగితే ఆవిడ పేరే చెప్పేదాన్ని.

అదే సమయంలో ఇంకొకాయన షుగర్‌తో వచ్చేవాడు. ప్రతిదానికీ ప్రశ్నే, ఈ బిళ్ల కిడ్నీలు పాడుచేస్తుందట కదా అంటాడు, ఊళ్లో ఆర్ఎంపీ (డిగ్రీ లేని వైద్యుడు) రాసిచ్చిన చీటీ తెచ్చి ముందు పెడతాడు. బయట వంద మంది లైన్లో ఉన్నారు, నామీద నమ్మకం లేకపోతే అక్కడికే వెళ్లమని కసిరాను, ఆయన మళ్లీ రాలేదు. దాచుకోకుండా చీటీతో సహా నా ముందు పెట్టిన మనిషి కంటే ఎక్కువగా నమ్మింది ఎవరు? అది నాకు అప్పుడు తెలియలేదు.

తోటి డాక్టర్లతో మాట్లాడితే అందరిదీ ఇదే తీరు. మర్యాదను నమ్మకం అనుకుంటాం, అనుమానం అడిగితే అవమానం అనుకుంటాం. సూది వేయలేదని గొణిగితే మనల్ని నమ్మని మనిషి అని తేల్చేస్తాం, ఆ తర్వాత ఆ మనిషితో రెండు ముక్కలు తక్కువే మాట్లాడతాం, దాంతో నిజంగానే నమ్మకం పోతుంది. మందు సరిగ్గా వేసుకుంటున్నారా అని అడిగితే ఎవరైనా వేసుకుంటున్నాననే అంటారు. ఈ వారంలో ఎన్ని బిళ్లలు మిగిలాయమ్మా అని అడిగితే చెబుతారు, ఇది మా ఏఎన్ఎం (ఊళ్లో తిరిగే ఆరోగ్య కార్యకర్త) నేర్పింది నాకు.

మైదాన ప్రాంతంలో పీహెచ్‌సీకి 30,000 జనాభా అని లెక్క. రోజుకు వంద ఓపీ చూస్తూ ఎవరి మనసు తెలుసుకుంటాం అని డాక్టర్లు అడుగుతారు, తప్పు లేదు. కానీ ఒకే ఊరికి ఒకే డాక్టర్ ఏళ్ల తరబడి వెళితే చాలా సంగతులు వాటంతట అవే బయటపడతాయి. జరుగుతున్నది వేరు. ఊరు అలవాటయ్యేలోపు డిప్యుటేషన్ అని తాత్కాలికంగా వేరేచోటికి పంపుతారు, లేదంటే ఇద్దరు డాక్టర్లలో ఒకరు పీజీకి వెళ్లిపోతే ఆ ఖాళీ నెలల తరబడి అలాగే ఉంటుంది, ఉన్న ఒక్కరూ ఓపీ వదిలి ఊళ్లకు వెళ్లలేరు. ఆ పెద్దావిడ ఇప్పుడు బిళ్లలు వేసుకుంటోంది, బీపీ 140 దగ్గర ఉంది, దానికి నేను ఆ ఇంటి అరుగు మీద నాలుగైదుసార్లు కూర్చోవాల్సి వచ్చింది.

అందుకే ఆరోగ్యశాఖను అడుగుతున్నాను. డాక్టర్‌కి కేటాయించిన ఊళ్లను కనీసం మూడేళ్లు మార్చకండి, డిప్యుటేషన్లకు పీహెచ్‌సీ డాక్టర్లను లాగకండి. మీ పత్రిక కూడా ఒక్కసారి ఈ ఖాళీల సంగతి మండలాల వారీగా రాస్తే మేలు చేసినవారవుతారు.

— ఒక మెడికల్ ఆఫీసర్, ప్రకాశం జిల్లా
(పేరు ప్రచురించవద్దని మనవి)